తెగిన డీఎన్‌ఏ ముందు ఈస్ట్ కణం ఎందుకు ఆగుతుంది?

(డిగ్రీ విద్యార్థులు, సాధారణ శ్రోతల కోసం జరిగిన ఒక సైన్స్ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో శ్రోతల ప్రశ్నలు రెండు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్తాను.

ఈస్ట్ అనగానే బేకరీ గుర్తొస్తుంది. మన దగ్గర తాటికల్లు పులిసి నురగ కట్టడంలోనూ దీనికి పెద్ద పాత్ర ఉంది. ఇడ్లీ పిండి సంగతి వేరు, అక్కడ ఎక్కువ పని బ్యాక్టీరియాదే. ఇవాళ నేను మాట్లాడే ఈస్ట్ పేరు శాకరోమైసిస్ సెరివిసియే. ఒక్క కణమే ఒక జీవి. మంచి తిండి దొరికితే గంటన్నరకోసారి రెండవుతుంది. తల్లి కణం పక్కన చిన్న మొగ్గ వస్తుంది, పెరుగుతుంది, విడిపోతుంది. 16 క్రోమోజోములు, సుమారు 1 కోటి 20 లక్షల అక్షరాల డీఎన్‌ఏ, 6,000 దాకా జన్యువులు. మనలాగే కేంద్రకం ఉన్న జీవుల్లో మొదటిసారి మొత్తం జన్యుక్రమం చదివింది దీనిదే, 1996లో.

ఇంత పొడవు డీఎన్‌ఏకి ఏదో ఒక దెబ్బ తగులుతూనే ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్ వాడుకునేటప్పుడు పుట్టే రసాయనాలు, చివరికి కణంలో ఉండే మామూలు నీరు కూడా డీఎన్‌ఏని పాడు చేస్తాయి. కొన్ని దెబ్బలకు ఒక అక్షరం మారుతుంది. కొన్నింటికి పక్కపక్క అక్షరాలు అతుక్కుపోతాయి. అన్నింటికన్నా ప్రమాదం, డీఎన్‌ఏలో జంటగా ఉండే రెండు పోగులూ ఒకేచోట తెగిపోవడం. బాగు చేసుకోలేని ఈస్ట్ కణాన్ని చంపడానికి అలాంటి తెగు ఒక్కటి చాలు.

ఈ మరమ్మతు గురించి పుస్తకాల్లో చదివితే ఎంజైముల జాబితా కనిపిస్తుంది. ఇది కత్తిరిస్తుంది, అది అతికిస్తుంది, ఇంకోటి విప్పుతుంది. పరీక్షకి అది చాలు. కానీ నా దృష్టిలో ఈస్ట్ మనకు చూపించిన అసలు సంగతి ఆ జాబితాలో లేదు. కణం తన పనంతా ఆపి, బాగయ్యేదాకా ముందుకు కదలకుండా ఉండటం కూడా మరమ్మతులో భాగమే అన్నది ఆ సంగతి. అక్కడికి మెల్లగా వస్తాను.

1960ల్లో డీఎన్‌ఏని ఇప్పటిలా చదివే యంత్రాలు లేవు. ఉన్నవి గాజు పళ్లాలు, యూవీ (అతినీలలోహిత) దీపం, ఓపిక. ఈస్ట్‌ని పళ్లెం మీద పరిచి, మామూలు కణాలు తట్టుకునేంత యూవీ ఇచ్చి, ఆ మాత్రానికే చచ్చిపోయే రకాలు ఏవో వెతికేవారు. 1968లో బ్రయన్ కాక్స్, జేమ్స్ ప్యారీ ఇలాంటి రకాలను పెద్ద సంఖ్యలో పట్టుకుని, వాటిలో 22 వేర్వేరు జన్యువులు చెడ్డాయని చూపించారు. విచిత్రం ఏమిటంటే, అదే 1968లో జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రవేత్త ఎండ పొడ తగిలితే చర్మం దెబ్బతిని క్యాన్సర్ వచ్చే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బును పరిశీలిస్తూ, ఆ రోగుల కణాలకు యూవీ దెబ్బను బాగు చేసుకునే శక్తి లేదని కనిపెట్టాడు. ఈ రెండు పనులూ దాదాపు ఒకే జన్యువుల గురించి అని తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

రేడియేషన్‌కి తట్టుకోలేని ఆ రకాల్లో చెడిన జన్యువులకు రాడ్ అని పేరు పెట్టి నంబర్లిచ్చారు. యూవీకి లొంగేవాటికి 50 లోపు, ఎక్స్‌రేకి లొంగేవాటికి 50 నుంచి పైకి. అందుకే ఇవాళ్టికీ రాడ్3, రాడ్14 అంటే యూవీ బాపతని, రాడ్51, రాడ్52 అంటే ఎక్స్‌రే బాపతని చూడగానే తెలుస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఒకటి, రాడ్9, ఈ ప్రసంగంలో ముఖ్యపాత్ర.

ఇప్పుడు ఆ జన్యువుల్లో ఏది ఏ పని చేస్తుందో తెలుసుకోవడం ఎలా? లోపలికి తొంగిచూసే వీల్లేదు. అప్పుడు వాళ్లు వాడిన తర్కం నాకు చాలా ఇష్టం. ఒక లోపం ఉన్న కణాలకు యూవీ ఇచ్చి ఎన్ని బతికాయో లెక్కపెట్టారు. రెండో లోపం ఉన్నవాటినీ అలాగే లెక్కపెట్టారు. తర్వాత సంకరం చేసి, రెండు లోపాలూ ఒకే కణంలో ఉండేట్టు చూశారు. ఈ కణం ఒక్క లోపమున్న కణం కన్నా ఎక్కువేమీ చావకపోతే, ఆ జన్యువులు రెండూ ఒకే పనిలో వేర్వేరు దశలన్నమాట. మొదటి దశలోనే పని నిలిచిపోయాక, తర్వాతి దశ చెడినా కొత్తగా వచ్చే నష్టం ఉండదు. అలా కాకుండా ఘోరంగా చస్తే, అవి రెండు వేర్వేరు దారులు. ఒకటి మూసేస్తే కణం రెండో దారి పట్టి బతుకుతోంది, రెండూ మూసేసరికి ఇక దిక్కులేదు. కేవలం పళ్లెం మీద మచ్చలు లెక్కపెట్టి, మూడు ముఖ్యమైన దారులున్నాయని తేల్చారు. వాటిని రాడ్3 గుంపు, రాడ్6 గుంపు, రాడ్52 గుంపు అంటారు. తర్వాత జీవరసాయన పరిశోధన ఎంత లోతుకి వెళ్లినా ఈ విభజన నిలబడింది.

రాడ్3 గుంపు గురించి రెండు ముక్కల్లో చెప్తాను. యూవీ తగిలితే పక్కపక్కనున్న రెండు థైమిన్ అక్షరాలు అతుక్కుపోతాయి. ఈ ప్రొటీన్లు ఆ చోటు గుర్తించి, పోగును అటూ ఇటూ కోసి, సుమారు 25–30 అక్షరాల ముక్కను తీసేస్తాయి. ఎదుటి పోగును చూసి ఆ ఖాళీ నింపడం తేలిక. మనిషిలో ఇవే ప్రొటీన్లు చెడితే పైన చెప్పిన చర్మవ్యాధి వస్తుంది. యూవీ దెబ్బకు ఈస్ట్ దగ్గర ఇంకో మందు కూడా ఉంది, అది మన దగ్గర లేదు. ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ నీలికాంతిని పట్టుకుని, ఆ శక్తితో అతుకును నేరుగా విడదీస్తుంది. కోయడం, నింపడం ఏమీ లేదు. క్లాడ్ రూపర్ట్ అనే ఆయన బేకరీ ఈస్ట్ నుంచి తీసిన రసంతో దీని మీద తొలినాళ్ల ప్రయోగాలు కొన్ని చేశాడు. ఆయన శిష్యుడు అజీజ్ సాంజార్‌కి డీఎన్‌ఏ మరమ్మతు పరిశోధనకు 2015లో నోబెల్ వచ్చింది. ఎలుకలు, ఏనుగులు, మనుషులు, అంటే మాయ (ప్లాసెంటా) ద్వారా కడుపులో పిల్లల్ని పెంచి కనే జంతువులన్నీ ఈ ఎంజైమ్‌ని పోగొట్టుకున్నాయి.

రాడ్6 గుంపు ఇంకో రకం. దెబ్బ బాగు కాకముందే డీఎన్‌ఏ ప్రతి తీసే యంత్రాంగం అక్కడికి వచ్చి ఇరుక్కుంటే ఏం చేయాలన్నది దీని సమస్య. భారతదేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సత్య ప్రకాశ్, ఆయన భార్య లూయీజ్ ప్రకాశ్ దశాబ్దాల పాటు దీని మీదే పనిచేశారు. 1999లో వాళ్ల బృందం రాడ్30 అనే ఈస్ట్ జన్యువు తయారు చేసే ఎంజైమ్, అతుక్కుపోయిన థైమిన్ల ఎదురుగా కూడా సరైన అక్షరాలే పెట్టి దాటిపోతుందని చూపించింది. ఇందులో దెబ్బను బాగు చేయడం లేదు, దాటుకుని వెళ్లడమే. మనిషిలో ఇదే ఎంజైమ్ లోపిస్తే అదే చర్మవ్యాధిలో ఇంకో రకం వస్తుంది.

ఇక అసలు కష్టం, రెండు పోగులూ తెగడం. ఇక్కడ ఎదుటి పోగును చూసి నింపుదామంటే ఎదుటి పోగు కూడా తెగింది.

1950ల్లోనే ఒక వింత గమనించారు. ఒకే సెట్టు క్రోమోజోములున్న ఈస్ట్ కణాలకు ఎక్స్‌రే ఇస్తే మొగ్గ లేనివి తేలిగ్గా చచ్చేవి, మొగ్గ తొడిగినవి బాగా తట్టుకునేవి. రెండు సెట్లున్న కణాలు కూడా గట్టిగానే నిలిచేవి. అదే జాతి, అవే జన్యువులు, మరి ఈ తేడా ఎందుకు?

పొలం దస్తావేజు మధ్యలో చిరిగి ఒక ముక్క పోయిందనుకోండి. అంచులు రెండూ దగ్గరికి లాగి టేపు వేస్తే కాగితం ఒకటవుతుంది గానీ పోయిన సర్వే నంబరు తిరిగి రాదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించుకుని అందులో చూసి రాసుకోవాలి. కణానికీ ఈ రెండు మార్గాలే ఉన్నాయి. తెగిన కొసల్ని అలాగే కలిపి అతికించడం ఒకటి. అదే వరస ఉన్న ఇంకో డీఎన్‌ఏని వెతికి, దాన్ని చూసి పోయింది రాసుకోవడం రెండోది. మన కణాలు మొదటి పద్ధతిని బాగా వాడతాయి. ఈస్ట్ మాత్రం దాదాపు ఎప్పుడూ రెండోదాన్నే ఎంచుకుంటుంది. మొగ్గ తొడిగిన కణంలో డీఎన్‌ఏ ప్రతి అప్పటికే తయారై పక్కనే ఉంటుంది. మొగ్గ లేని ఒంటి సెట్టు కణానికి చూసి రాసుకోవడానికి ఇంకో ప్రతి లేదు. వింత అక్కడ విడిపోయింది.

1981లో టెర్రీ ఆర్‌-వీవర్, జాక్ షాస్టాక్, రోడ్నీ రాత్‌స్టీన్ గుండ్రటి డీఎన్‌ఏ ముక్కలను కావాలని కోసి ఈస్ట్‌లోకి పంపారు. కోయని ముక్కల కన్నా కోసినవే క్రోమోజోములోకి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరాయి. మధ్యలో కొంత భాగం తీసేసి పంపినా, కణం తన క్రోమోజోమును చూసి ఆ ఖాళీ నింపేసింది. అంటే తెగిన కొస ఊరికే ఉండదు, తనలాంటి వరస కోసం వెతుకుతుంది. 1983లో ఫ్రాంక్లిన్ స్టాల్ కూడా కలిసి, తెగు దగ్గర మొదలై ఇంకో క్రోమోజోమును చూసి బాగయ్యే పద్ధతికి ఒక నమూనా ప్రకటించారు. వివరాలు తర్వాత చాలా మారాయి, ఎముకల గూడు మాత్రం అదే.

ఇప్పుడు ఈస్ట్ గురించి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం. ఇది తన డీఎన్‌ఏని తానే కోసుకుంటుంది! ఈస్ట్‌లో ఏ, ఆల్ఫా అని రెండు లింగాలుంటాయి. మూడో క్రోమోజోము మీద మ్యాట్ అనే చోట ఉన్న వరసను బట్టి ఏదో ఒకటి అవుతుంది. అదే క్రోమోజోము రెండు కొసల దగ్గర, ఏకి ఒకటి, ఆల్ఫాకి ఒకటి, పనిచేయకుండా ఊరికే ఉండే ప్రతులు దాచి ఉంటాయి. లింగం మారాలనుకున్న తల్లి కణం హెచ్‌ఓ అనే ఎంజైమ్‌తో మ్యాట్ దగ్గర రెండు పోగులూ కోసేస్తుంది. తర్వాత తనది కాని రెండో లింగపు ప్రతిని వెతికి, అందులో చూసి రాసుకుంటుంది. దాచిన ప్రతులను సర్ అనే ప్రొటీన్లు గట్టిగా కప్పి ఉంచుతాయి కాబట్టి హెచ్‌ఓ వాటిని కోయలేదు.

అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హేబర్ ల్యాబు దీన్ని పరిశోధకులకు పెద్ద వరంగా మార్చుకుంది. ఎక్స్‌రే ఇస్తే తెగు ఎక్కడ పడుతుందో, ఎప్పుడు పడుతుందో మన చేతిలో ఉండదు. హెచ్‌ఓ జన్యువును గాలక్టోజ్ అనే చక్కెరతో నడిచేట్టు మారిస్తే, ఆ చక్కెర వేయగానే దాదాపు అన్ని కణాల్లోనూ ఒకే చోట, ఒకేసారి తెగు పడుతుంది. ఇక గడియారం పెట్టుకుని చూడటమే.

ఏం కనిపించింది? ముందు ఎంఆర్‌ఎక్స్ అనే మూడు ప్రొటీన్ల జట్టు తెగిన కొసను పట్టుకుంటుంది. తర్వాత ఇంకొన్ని ఎంజైములు ఒక పోగును గంటకు సుమారు 4,000 అక్షరాల వేగంతో తినేసుకుంటూ పోతాయి. ఇది చూసి కొత్తవాళ్లకి టెన్షన్ వస్తుంది. బాగు చేయాల్సింది పోయి ఇంకా పాడు చేస్తోందేమిటి? అలా తింటేనే మిగిలిన పోగు ఒంటరిగా బయటపడి, ఇంకో డీఎన్‌ఏతో జత కలవగలుగుతుంది. దాని మీద ఆర్‌పీఏ అనే ప్రొటీన్ కప్పుకుంటుంది. రాడ్52 వచ్చి ఆర్‌పీఏని పక్కకు జరిపి రాడ్51ని ఎక్కిస్తుంది. రాడ్51 పేరుకున్న పోగు అప్పుడు కేంద్రకంలో తనలాంటి వరస కోసం వెతుకుతుంది. దొరికాక అందులోకి దూరి, దాన్ని చూసి కొత్త అక్షరాలు రాసుకుంటుంది. తెగు పడ్డప్పటి నుంచి లింగం మారడం పూర్తయ్యేదాకా సుమారు ఒక గంట.

వెతుకులాట మాట అన్నాను కదా. తెగిన చోటు కేంద్రకంలో మామూలు కన్నా ఎక్కువ దూరం తిరుగుతుందని 2012లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. అంతకు ముందు 2003లో రాత్‌స్టీన్ ల్యాబు వాళ్లు ఇంకో సంగతి చూశారు. ఒకే కణంలో డీఎన్‌ఏ రెండు మూడు చోట్ల తెగితే, ఆ తెగిన చోట్లు వేర్వేరు క్రోమోజోముల మీదివైనా, తరచుగా ఒకే చోట చేరి అక్కడే బాగవుతున్నాయి. రాడ్52కి మెరిసే రంగు తగిలిస్తే కేంద్రకంలో ఒక్క చుక్కే వెలిగింది.

ఇక రాడ్9 దగ్గరికి వద్దాం.

సియాటిల్‌లో లీలాండ్ హార్ట్‌వెల్ అప్పటికే ఈస్ట్ కణ విభజన మీద పేరు తెచ్చుకున్నాడు. మొగ్గ సైజు చూస్తే కణం విభజనలో ఏ దశలో ఉందో చెప్పవచ్చు, అదే ఆయన బలం. ఆయన ల్యాబులో టెడ్ వైనర్ట్ ఎక్స్‌రేకి లొంగే రకాలను తీసుకుని, చచ్చాయా బతికాయా అని లెక్కపెట్టడంతో ఆగకుండా, ఎలా చస్తున్నాయో మైక్రోస్కోపు కింద గమనించాడు. మామూలు కణాలు ఎక్స్‌రే తగలగానే పెద్ద మొగ్గతో ఆగిపోయాయి. కొన్ని గంటల తర్వాత మళ్లీ కదిలి విభజన కొనసాగించాయి. రాడ్52 లేనివి కూడా ఆగాయి, కానీ బాగు చేసుకునే శక్తి లేక అక్కడే ఉండిపోయాయి. రాడ్9 లేనివి ఆగనే లేదు. ఏమీ జరగనట్టు విభజించుకుంటూ పోయి, కొన్ని తరాలకు చిన్న గుంపుగా చచ్చాయి.

ఇక్కడ ఇద్దరు మనుషులు రెండు రకాలుగా వాదించవచ్చు. రాడ్9 లేని కణానికి మరమ్మతు చేసుకునే శక్తి లేదు, అందుకే చచ్చిందని ఒకరు. కాదు, శక్తి ఉంది గానీ సమయం ఇవ్వలేదని ఇంకొకరు. తేల్చేదెలా? వాళ్లు చేసింది చాలా సింపుల్. ఎక్స్‌రే ఇచ్చాక, కణ విభజనను కొన్ని గంటలు బలవంతంగా ఆపే మందు కలిపారు. తర్వాత మందు కడిగేశారు. రాడ్9 లేని కణాల్లో మునుపటి కన్నా చాలా ఎక్కువ బతికాయి. పనిముట్లన్నీ వాటి దగ్గర ఉన్నాయి. లేనిదల్లా ఆగాలన్న తెలివి. బయట నుంచి మనం ఆపితే అవే బాగు చేసుకున్నాయి.

1988లో అచ్చయిన ఈ ఒక్క ప్రయోగం మరమ్మతు గురించి ఆలోచించే తీరునే మార్చేసింది. ఆగడం అనేది దెబ్బ తగిలిన కణం చేతకానితనం కాదు, దానికి ప్రత్యేకమైన జన్యువులున్నాయి, అది కణం చేసే పని. మరుసటి ఏడాది హార్ట్‌వెల్, వైనర్ట్ ఈ ఏర్పాటును చెక్‌పాయింట్ అన్నారు. హార్ట్‌వెల్‌కి 2001లో నోబెల్ వచ్చింది, కణ విభజన మీద చేసిన మొత్తం పనికి.

తర్వాత ఒక్కో ముక్కా తేలింది. ఆర్‌పీఏ కప్పుకున్న ఒంటరి పోగును చూసి మెక్1 అనే ప్రొటీన్ మేల్కొంటుంది. రాడ్9 ద్వారా రాడ్53 అనే ఇంకో ప్రొటీన్‌ని లేపుతుంది. విభజన ఆగుతుంది. దాంతో పాటు డీఎన్‌ఏకి కావలసిన ముడిసరుకు, అంటే అక్షరాలు, ఈస్ట్‌లో 6 నుంచి 8 రెట్లు పెరుగుతాయి. ఆపేది, సరుకు తెప్పించేది ఒకే ప్రొటీనే! విద్యార్థులకు ఒక హెచ్చరిక: మనిషిలో కూడా రాడ్9 అనే పేరున్న ప్రొటీన్ ఉంది, కానీ అది దీని బంధువు కాదు. వేరే ఈస్ట్ జాతిలోని రాడ్9ని బట్టి దానికి ఆ పేరు పెట్టారు. పరీక్షల్లో దీనివల్ల మార్కులు పోతుంటాయి. (నవ్వులు)

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఈస్ట్‌లో తెలిసింది మనిషికి ఎంతవరకు వర్తిస్తుందండీ?

చాలావరకు. మెక్1కి మనిషిలో ఏటీఆర్, దాని తోబుట్టువు టెల్1కి ఏటీఎం, రాడ్53కి సీహెచ్‌కే2 ఉన్నాయి. ఏటీఎం చెడితే పిల్లల్లో నడక తూలే, క్యాన్సర్ ముప్పు పెంచే జబ్బు వస్తుంది. కానీ అన్నీ అతికించకూడదు. ఈస్ట్‌లో రాడ్52 లేకపోతే ఈ దారంతా మూసుకుపోతుంది. ఎలుకల్లో అదే జన్యువు తీసేస్తే అవి పెరిగి పెద్దవై పిల్లల్ని కూడా కన్నాయి. రాడ్51 తీసేస్తే మాత్రం పిండంలోనే చచ్చాయి. కారణం, మనలాంటి జీవుల్లో రాడ్51ని ఎక్కించే పని ముఖ్యంగా బీఆర్‌సీఏ2 చేస్తుంది. రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పేటప్పుడు మీరు వినే పేరే అది. మన బేకరీ ఈస్ట్‌లో బీఆర్‌సీఏ2 లేనే లేదు. మొక్కజొన్నకు కాటుక తెగులు తెచ్చే శిలీంధ్రంలో మాత్రం దాని బంధువు ఉంది. ఒకే జీవిని నమ్ముకుంటే ఇలాంటివి తప్పిపోతాయి.

ప్రశ్న: సార్, ఆగి ఆగి బాగు చేసుకోలేకపోతే ఆ కణం అలాగే ఉండిపోతుందా?

మంచి ప్రశ్న. దాచిన ప్రతులు రెండూ తీసేసి, హెచ్‌ఓతో ఒకే ఒక్క తెగు పడేట్టు చేసి చూశారు. చూసి రాసుకోవడానికి ఏమీ లేదు కాబట్టి అది బాగయ్యే అవకాశం దాదాపు లేదు. కణం 8 నుంచి 12 గంటలు ఆగుతుంది. ఆ తర్వాత, తెగు అలాగే ఉండగా, విభజన మొదలుపెట్టేస్తుంది. సీడీసీ5 అనే ప్రొటీన్‌లో ఒక రకం లోపం ఉంటే ఇలా వదిలేయదు, ఆగిన చోటే ఉండిపోతుంది. అంటే ఓపిక అయిపోవడానికి కూడా జన్యువులున్నాయి. ఇంకా వింత, తెగు ఒకటైతే ఇలా కదులుతుంది, రెండైతే మామూలు కణం కూడా కదలదు. ఒంటికణ జీవికి ఎప్పటికీ ఆగిపోవడమంటే చావుతో సమానం కాబట్టి, కదిలితే పోయేదేమీ లేదు. రెండు సెట్లున్న కణమైతే తెగిన క్రోమోజోము పోగొట్టుకుని, ఒకటి తక్కువతోనైనా బతికి బట్టకట్టవచ్చు. మన శరీరంలో ఒక కణం అలా క్రోమోజోము పోగొట్టుకుని బతికి పెరగడం మాత్రం మనకు మంచిది కాదు, క్యాన్సర్ కణాల్లో కనిపించేది సరిగ్గా అదే.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. మిగతా ప్రశ్నలు బయట టీ దగ్గర అడగండి, నేను ఉంటాను.